టార్చి డబ్బా మీద క్యాండెలా అని ఎందుకు రాస్తారు?

కావలి వైపు రొయ్యల చెరువుల మీద వాడే టార్చికి లూమెన్లు చాలవా, క్యాండెలా ఎందుకని ప్రశ్న. లూమెన్ చెప్పేది మొత్తం వెలుగు. ఒక దిక్కున ఎంత తీవ్రంగా పడుతుందో చెప్పేది క్యాండెలా.

1979 నిర్వచనం: 540 టెరాహెర్ట్జ్ ఏకవర్ణ కాంతి (కంటికి బాగా ఆనే ఆకుపచ్చ) ఒక దిక్కున స్టెరేడియన్‌కు 1/683 వాట్ చొప్పున (స్టెరేడియన్ అంటే శంకువులా విచ్చుకునే కోణానికి కొలత) వెలువడితే, అటువైపు తీవ్రత 1 క్యాండెలా. అంతకుముందు ప్లాటినం గడ్డకట్టే ఉష్ణోగ్రత దగ్గర వెలువడే వెలుగే ప్రమాణం. ప్రయోగశాలలకు అదో యాతన. 2019లో నిర్వచనంలోని మాటలు మారాయి, విలువ మారలేదు.

మీరే కొలవాలంటే చీకట్లో 10 మీటర్ల దూరాన లక్స్ మీటరు (ఒక చోట పడే వెలుగును కొలిచే పరికరం) పెట్టి, రీడింగును 100తో (దూరం వర్గం, 10 × 10) గుణించండి. 50 లక్స్ అంటే 5,000 క్యాండెలా. మరీ దగ్గరగా కొలిస్తే లెక్క తప్పుతుంది, రిఫ్లెక్టరు అక్కడ బిందువులా ప్రవర్తించదు. గట్టు మీది బల్బులూ ఆర్పేయండి.