న్యూజిలాండ్‌లో పచ్చిక మేసే పాడి ఆవుల నుంచి వెలువడే, భూమిని వేడెక్కించే వాయువులను తగ్గించడం ఎలా?

ముందు ఒక అపోహ తీరాలి: వాటిలో ఒకటైన మీథేన్ ఎక్కువగా వచ్చేది ఆవు వెనక నుంచి కాదు, త్రేన్పుల నుంచి. దాన్ని తగ్గించే 3-ఎన్‌ఓపీ అనే మందు ఉంది. కానీ అది మేతతో పాటు కడుపులోకి వెళ్తూ ఉండాలి. రోజంతా బయట గడ్డి మేసే ఆవుకు ఎలా కలుపుతారు? చిక్కు అక్కడే. అందుకే నాకు మూత్రం సంగతే ముందు చూడదగ్గదిగా తోస్తుంది. ఆవు మూత్రం పోసిన చోట నత్రజని పేరుకుని, తడి నేలలో కొంత నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వేడెక్కించే వాయువుగా మారుతుంది. పచ్చికలో ప్లాంటెయిన్ అనే ఆకుమొక్కను (అరటి కాదు) కలిపి పెంచితే మూత్రంలో నత్రజని పలచబడుతుంది. కృత్రిమ నత్రజని ఎరువుకైతే 2021 నుంచి అక్కడ హెక్టారుకు ఏడాదికి 190 కిలోల నత్రజని పరిమితి ఉంది.