చంకలో ఒకరు, కడుపులో ఒకరు

చి.ల.సౌ. అమ్మలుకి, మేనత్త ఆశీర్వదించి రాయునది.

నీకు ఐదో నెల వెళ్ళింది, పిల్లాడికి ఇరవై నెలలు. వాడు రోజంతా "ఎత్తుకో" అంటున్నాడనీ, నువ్వు కాదనలేక చంకనేసుకునే ఇంటిపనంతా చేస్తున్నావనీ మీ అత్తగారు ఫోనులో బాధపడ్డారు. ఎత్తుకోవడం తప్పేం కాదమ్మా. ఎలా ఎత్తుకుంటున్నావో చూసుకోవాలి.

ఈ వయసు పిల్లలు పదీ పదకొండు కిలోలుంటారు. కడుపుతో ఉన్నప్పుడు నడుం దగ్గర, తుంటి దగ్గర కీళ్ళ పట్టు వదులవుతుంది. నిలబడి, నడుం వంచి, నేల మీంచి వాణ్ణి పైకి లాగితే ఆ బరువంతా అక్కడే పడుతుంది. ఒకే చంకన వేసుకుని తిరిగితే తుంటి ఓ పక్కకి ఒరిగి, రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరగడానికి కూడా ప్రాణం పోతుంది. అందుకని ముందు వాడికి ఎక్కడం అలవాటు చెయ్యి. అరుగు ఎక్కమను, మంచం ఎక్కమను. అక్కణ్ణించి గుండెకి హత్తుకుని తీసుకో. తప్పనిసరై నేల మీంచి తీయాల్సొస్తే ఒక మోకాలు నేలకి ఆనించు, వాణ్ణి బాగా దగ్గరికి లాక్కో, ఊపిరి వదులుతూ తొడల బలంతో లే. ఎత్తుకున్నాక నడుం మెలితిప్పకు, పాదాలు కదిపి ఒళ్ళంతా తిరుగు. బండి మీదకి అందించడం, మేడమెట్లు ఎక్కించడం అల్లుడి పని. మొహమాటపడకుండా చెప్పు.

పొట్ట పెరిగేకొద్దీ ఎత్తుకోవడం ఇంకా కష్టమవుతుంది. ఇప్పట్నుంచే వాడు "ఎత్తుకో" అన్నప్పుడల్లా ఉన్నచోటే కూర్చుని చేతులు చాచు. చాలాసార్లు వాడికి ఒడి దొరికితే చాలు. "కడుపులో పాప ఉంది, అందుకే ఎత్తుకోను" అని మాత్రం అనొద్దు. "అమ్మకి నడుం నొప్పిరా, రా కూర్చుందాం" అను. ఇంటికొచ్చే చుట్టాలు "ఇంకేముందిరా, తమ్ముడొచ్చేస్తున్నాడు, నిన్నెవరూ చూడరు" అని మేలమాడతారు. ఆ మాట ఇంట్లో ఎవరూ అనకూడదు, ఎంత పెద్దవాళ్ళైనా సరే. రెండేళ్ళవాడికి అది వేళాకోళమని తెలీదు, నిజమనుకుంటాడు. నువ్వు చెప్పలేకపోతే అల్లుడిచేత చెప్పించు.

నలుగు, తలంటు ఇక మీ అత్తగారికి వదిలెయ్. నూనె రాసిన పిల్లాడు చేతుల్లోంచి జారిపోతాడు, పట్టుకోబోయి నువ్వు పాకుడు మీద కాలుజారుతావు. రోజూ పోసే నీళ్ళు నువ్వే పోయాలనుంటే ముక్కాలిపీట మీద కూర్చుని పొయ్యి. బేసినులో చన్నీళ్ళు ముందు పోసి, వేణ్ణీళ్ళు తరవాత కలిపి, మోచేత్తో చూడు. నీళ్ళు సిద్ధమయ్యేదాకా వాణ్ణి లోపలికి రానివ్వకు.

పడుకునేటప్పుడు నువ్వు ఎడమ పక్కకి తిరుగు, వాణ్ణి నీ వీపు వెనక, వాళ్ళ నాన్నకీ నీకూ మధ్య పడుకోబెట్టు. నిద్రలో వాడి కాలు తగిలితే కంగారుపడనక్కర్లేదు, ఉమ్మనీరు కాస్తుంది. నువ్వే పడినా, పొట్టకి గట్టి దెబ్బ తగిలినా మాత్రం బాగానే ఉంది కదా అని ఊరుకోకు, అదే రోజు చూపించుకో. రక్తం కనిపించినా, పొట్ట రాయిలా బిగుసుకున్నా క్షణం ఆగొద్దు. వాణ్ణి వేరే పక్క అలవాటు చేయాలన్నా, నాన్నమ్మ దగ్గర పడుకోబెట్టాలన్నా ఈ నెలలోనే మొదలుపెట్టు. కాన్పు ముందు వారంలో మారిస్తే, చిన్నది వచ్చి తన చోటు లాక్కుందనుకుంటాడు. చెడ్డీ తడపడం మాన్పించడం కూడా అంతే: జూలైలోపు కుదిరితే సరే, లేకపోతే కాన్పయ్యాక మూడో నెలలో చూసుకోవచ్చు.

వాడు ఇంకా పాలు తాగుతున్నాడని సిగ్గుపడకు. రక్తం పోవడం, నెలలు నిండకుండా నొప్పులు రావడం లాంటి ఇబ్బంది లేకపోతే కడుపుతో ఉండి పాలివ్వడం వల్ల ఎవరికీ హాని లేదు. అయినా ఒకసారి డాక్టరమ్మకి చెప్పి ఉంచు. నాలుగైదు నెలలు వచ్చేసరికి పాలు తగ్గుతాయి, ఆఖరి నెలల్లో ముర్రుపాలు పడతాయి. అప్పుడు వాడికి కాస్త పల్చగా విరేచనమైతే అది పాలు చెడిపోయి కాదు, ముర్రుపాల గుణమే అంత. మాన్పించాలనుకుంటే ముందు పగటి పూట ఒకటి, వారం ఆగి ఇంకొకటి, అన్నిటికంటే చివర రాత్రి పాలు. వేపాకు ముద్ద రాసి ఒక్కరోజులో మాన్పించే పద్ధతి వద్దు. పిల్లాడు బెంగపడతాడు, నీకు రొమ్ములు గడ్డకడతాయి.

ఇక్కడ కాస్త నిదానంగా చదువు. నీకిస్తున్న ఐరన్ మాత్ర రోజుకొకటి. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పు ముందు 180 రోజులు, తరవాత మరో 180 రోజులు వేసుకోవాలి. రెండు కాన్పుల మధ్య ఎడం తక్కువైంది కాబట్టి నీకు రక్తం తగ్గే అవకాశం ఎక్కువ. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే వేసుకున్నది సగం వృథా. కాల్షియం మాత్రతో కలిపి వేసుకున్నా అంతే, రెండింటికీ రెండు గంటలైనా తేడా ఉండాలి. పొద్దున టిఫినయ్యాక కాల్షియం, మధ్యాహ్నం భోజనమయ్యాక గంటాగి నిమ్మకాయ నీళ్ళతో ఐరన్, రాత్రి మళ్ళీ కాల్షియం. ఇలా పెట్టుకుంటే మర్చిపోవు. విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదు. మలబద్ధకమైతే నీళ్ళు, ఆకుకూర పెంచు గానీ మాత్ర మానకు.

ఆ మాత్రలు ఎర్రగా, తియ్యటి పూతతో చాక్లెట్టు బిళ్ళల్లా ఉంటాయి. చిన్నపిల్లలకి ఐరన్ మాత్రలు విషం. టీవీ మీదా, దిండు కిందా, హ్యాండుబ్యాగులో పెట్టకు. తాళం వేసే బీరువా పైఅరలో పెట్టు. వాడి ఎదురుగా వేసుకోకు. ఎప్పుడైనా షీటులో మాత్రలు తగ్గినట్టనిపిస్తే, వాడు ఆడుతూ పాడుతూ ఉన్నా సరే, ఆ షీటు పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తండి. ఒకసారి వాంతయి తేరుకున్నట్టు కనిపించి, కొన్ని గంటల తరవాత ప్రాణం మీదకి వస్తుంది.

తిండి సంగతి నీకు తెలిసిందే. ఇద్దరి తిండి తినక్కర్లేదు, మామూలుగా తినేదానికి ఇంకో పూట చిన్న భోజనం చేర్చు. మునగాకు పప్పు, తోటకూర, గుడ్డు, రాగిజావ. చేపల్లో బొచ్చె, శీలావతి, కవళ్ళు, మెత్తళ్ళు నిక్షేపంగా తిను. బాలింతకి పాలు పడతాయని మనవైపు సొరపుట్టు పెడతారు. ఈసారి వద్దను. సొర పెద్ద చేప, దాని ఒంట్లో పాదరసం చేరుతుంది, అది పిల్లల మెదడుకి మంచిది కాదు. పిల్లాడికి పూటకి ముప్పావు కప్పు నుంచి కప్పు దాకా మెత్తటి అన్నం, పప్పు, నెయ్యి; మూడు నాలుగు పూటలు, మధ్యలో అరటిపండో ఉడికించిన గుడ్డో. గేదెపాలు రోజుకి అరలీటరు దాటనివ్వకు. పాలతోనే కడుపు నింపితే అన్నం ముట్టడు, రక్తం పట్టదు.

టీకాలు మర్చిపోతావేమో: 16 నుంచి 24 నెలల్లోపు వాడికి డీపీటీ బూస్టరు, పోలియో బూస్టరు, తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ రెండో డోసు ఉన్నాయి. నీ కాన్పులోపే అయిపోవాలి. మొదటిసారి నువ్వు ధనుర్వాతం రాకుండా వేసే టీడీ సూదులు రెండు వేయించుకుని మూడేళ్ళు కాలేదు కాబట్టి ఇప్పుడు ఒక్క బూస్టరు చాలు. ప్రతి నెలా 9వ తారీఖున సర్కారు ఆస్పత్రిలో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు, పాత కార్డు కూడా పట్టుకెళ్ళు.

నాకు అన్నిటికంటే భయం మీ పెరటి గురించి. ఇప్పుడు కాలువ కట్టేసి ఉంది, పిల్లలు అడుగున మట్టిలో ఆడుకుంటున్నారు. జూన్‌లో నీళ్ళు వదిలేసరికి, మొన్నటిదాకా ఆడుకున్న చోటికే వాడు నడిచిపోతాడు. పొట్టతో నువ్వు పరిగెత్తలేవు. ఈ నెలలోనే పెరటివైపు నడుమెత్తు దడి కట్టించి, దానికి వెలుపలి నుంచి గొళ్ళెం పెట్టించు. కొబ్బరాకు తడిక చాలదు, వాడు తోసేస్తాడు. వెదురు గానీ ఇనుప మెష్ గానీ వెయ్యమను. గాబు మీద చెక్కమూత, మూత మీద బరువు. రాత్రి బాల్చీలన్నీ బోర్లించాలి. జానెడు నీళ్ళు లేకపోయినా తలకిందులుగా పడినవాడు లేవలేడు, కేక కూడా వినపడదు. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడట్లేదని అర్థం. గంటకొకరు చొప్పున పేరు పెట్టి అప్పజెప్పు.

లెక్కేస్తే నీకు సెప్టెంబరు మొదట్లో నెలలు నిండుతాయి. అది వరదల కాలం. మీది సఖినేటిపల్లి వైపు, ఆస్పత్రేమో రేవు దాటి నర్సాపురంలో. గోదావరి పెరిగితే రేవు దాటించే పంటు ఆపేస్తారు, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. రెండో కాన్పులో నొప్పులు మొదలయ్యాక సమయం తక్కువే దొరుకుతుంది. అందుకని తొమ్మిదో నెల రాగానే ఆస్పత్రి ఉన్న ఒడ్డుకి చేరిపో. అంతకుముందే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక వేశారని వింటే ఆ రోజే బయల్దేరు. రెండోది 13.75కి, మూడోది 17.75కి వేస్తారు, అప్పటిదాకా చూడకు. సంచి ఎనిమిదో నెలలోనే సర్దు: కార్డులు, ఆధార్, మాత్రలు, ఉతికి ఆరేసిన మెత్తటి పాత నూలుబట్టలు, పిల్లాడికి వేరే సంచి, అందులో వాడి దుప్పటీ, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు. పొట్లం మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబొయ్యాలి. వరద నీళ్ళతో విరేచనాలు ముందు పిల్లలకే పట్టుకుంటాయి.

ఏడో నెల దాటాక కడుపులో కదలికలు గమనించు. తగ్గాయనిపిస్తే ఎడమ పక్కకి పడుకుని లెక్కపెట్టు, రెండు గంటల్లో పది రాకపోతే తెల్లారేదాకా ఆగకు. విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకలు, మొహం వాపు, ఉమ్మనీరు కారడం, ఏది కనిపించినా 108కి ఫోను చెయ్యండి.

నువ్వు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చే రోజు బిడ్డ మీ అత్తగారి చేతుల్లో ఉండాలి. నువ్వు ఖాళీ చేతులతో లోపలికి వచ్చి, చాప మీద గోడకి ఆనుకుని కూర్చో. వాడు వెంటనే రాకపోతే పిలవకు. కాసేపు తలుపు చాటు నుంచి చూసి వాడే వస్తాడు. ఆపరేషనైతే పొట్ట మీద దిండు అడ్డం పెట్టుకుని, వాణ్ణి పక్కనుంచి ఒళ్ళోకి ఎక్కనివ్వు.

మీ మేనత్త