ఫైర్‌వాల్‌లోనే డీహెచ్‌సీపీ పెట్టుకోండి, లీజ్ టైమ్ మాత్రం చూసుకోండి

అరవై సిస్టమ్స్ ఉన్న ఇన్‌స్టిట్యూట్‌కి డీహెచ్‌సీపీ (సిస్టమ్స్‌కి ఐపీ అడ్రసులు తనంతట తానే పంచే సర్వీసు) ఫైర్‌వాల్‌లో పెడితే సరిపోద్దా, వేరే సర్వర్ కొనాలా అని అడిగారు. కొనొద్దండీ. ఇంటర్‌ఫేస్ ఎంచుకుని రేంజ్, గేట్‌వే, డీఎన్‌ఎస్ నింపి ఎనేబుల్ కొడితే ఐదు నిమిషాల పని. తంటా అంతా ఎవరూ పట్టించుకోని లీజ్ టైమ్ దగ్గరే, అంటే ఇచ్చిన అడ్రసు ఎంతకాలం ఒకరి పేరు మీద ఉండాలన్న గడువు.

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌గా చేసేవాణ్ణి. సంక్రాంతికి పది రోజులు సెలవలిచ్చి, తెరిచిన సోమవారమే ల్యాబ్ ఎగ్జామ్ పెట్టారు. ఎక్స్‌టర్నల్ వచ్చి కూర్చున్నారు, పదింటికి సిస్టమ్స్ ఆన్ చేస్తే అరవైలో నలభై దాకా నెట్‌వర్క్ లేదు. ల్యాబ్ అసిస్టెంటేమో "స్విచ్ పోయింది సార్" అంటాడు, కేబుళ్లు పీకి పెట్టాం, స్విచ్ ఆపి వేశాం, అరగంట అక్కడే పోయింది. అప్పుడు ఒక సిస్టమ్ ముందు కూర్చుని ఐపీ చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొడితే 169.254తో మొదలయ్యే అడ్రసు, అంటే సర్వర్ నుంచి జవాబు రాక విండోస్ సొంతంగా పెట్టేసుకున్నది. మళ్లీ అడ్రసు అడగమని రెన్యూ కొట్టా. కర్సర్ కొట్టుకుంటూనే ఉంది, చివరికి ఎర్రర్.

ఫైర్‌వాల్‌లో లీజుల లిస్టు తెరిస్తే పైనుంచి కింద దాకా రెడ్‌మీ, గెలాక్సీ, రియల్‌మీ! పంచడానికి పెట్టిన అడ్రసుల పూల్ 192.168.1.100 నుంచి 200 దాకా, మొత్తం 101 అడ్రసులు, లీజ్ ఏడు రోజులు. పది రోజులు ఆఫ్‌లో ఉన్న ల్యాబ్ సిస్టమ్స్ లీజులు తీరిపోయాయి, ఆదివారం రాత్రి హాస్టల్‌కి చేరిన పిల్లల ఫోన్లు వాటిని పట్టేశాయి. స్టాఫ్ వైఫై పాస్‌వర్డ్ ఒక్కడికి తెలిస్తే చాలు కదా. ఫోను ఐదు నిమిషాలు కనెక్టయి వెళ్లిపోయినా ఆ అడ్రసు వారం దాకా దాని పేరు మీదే ఉంటుంది.

ముందు వైఫై యాక్సెస్ పాయింట్లు ఆపా. ఆపకుండా లీజులు తీసేస్తే ఫోన్లు పాత ఐపీ వదలవు, అదే ఐపీ సిస్టమ్‌కి వెళ్తే రెండూ కొట్టుకుంటాయి. తర్వాత ఫోన్ల లీజులు ఒక్కోటీ తీసేశా. ఎగ్జామ్ పదకొండున్నరకి మొదలైంది, అప్పటిదాకా పిల్లలు రికార్డులు పట్టుకుని వరండాలో నిలబడ్డారు, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ వారమే ఫోన్లకి వేరే వీల్యాన్ (అవే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) తీసి /22 సైజు రేంజ్ ఇచ్చా, 1022 అడ్రసులొస్తాయి, లీజ్ రెండు గంటలు. పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్టే 7200 సెకన్లు, ఫోన్లకి అది చాలు. ప్రింటర్లకి చేత్తో టైప్ చేసిన ఐపీలు మాత్రం పూల్ బయటే ఉండాలి, మా ప్రిన్సిపాల్ గారి ప్రింటర్ పూల్ మధ్యలో 150 మీద కూర్చుని ఏడాదంతా సతాయించింది.

ఇంకో సంగతి, లక్షలు పోసి ఫైర్‌వాల్ కొనే మేనేజ్‌మెంట్లు మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్స్ మనం మార్చుకోగల స్విచ్) అనగానే డబ్బుల్లేవంటారు. అది లేకపోతే వీల్యాన్ లేదు, మన సర్వర్ కానిది ఐపీలు పంచకుండా ఆపే డీహెచ్‌సీపీ స్నూపింగ్ లేదు, ఎవరో ఇంట్లో రౌటర్ తెచ్చి ల్యాన్ పోర్టులో గుచ్చితే అది కూడా ఐపీలు పంచడం మొదలెడుతుంది, మీ ఫైర్‌వాల్ చూస్తూ ఉండాల్సిందే. ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చేవాళ్లూ అంతే, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టేసి సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు, లీజ్ ఎంత పెట్టారో కాగితం మీద రాసివ్వరు.

ఇప్పుడున్న రౌటర్‌లో లీజుల లిస్టు తీసి, అరవై సిస్టమ్స్ కాక ఫోన్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి ఇక్కడ పెట్టండి, దాన్నిబట్టి రేంజ్ ఎంత కావాలో చెప్తా.