తెల్లకణాలు నార్మల్‌గానే ఉన్నాయి, మరి అమ్మకు జలుబు ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. అమ్మకు 61 ఏళ్లు. ఏడాదిన్నర కిందట మెడ దగ్గర గడ్డలు కనిపిస్తే విశాఖపట్నం తీసుకెళ్లాం. ఫాలిక్యులర్ లింఫోమా అనే రక్త క్యాన్సర్ అన్నారు. బెండాముస్టిన్ అనే కీమో మందు, రిటుక్సిమాబ్ కలిపి ఆరు సైకిళ్లు ఇచ్చారు, గడ్డలు పోయాయి. ఇప్పుడు రెండు నెలలకోసారి రిటుక్సిమాబ్ మాత్రమే ఎక్కిస్తున్నారు. ఇంట్లో అందరికీ వారంలో తగ్గే జలుబు, దగ్గు అమ్మను నెల రోజులు పీడిస్తున్నాయి. పోయిన చలికాలంలో కరోనా వస్తే ఐదు వారాల తర్వాత కూడా టెస్ట్ పాజిటివ్‌గానే వచ్చింది. రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాలు నార్మల్ అంటున్నారు. ఆమెకు టీకాలు వేయించినా దండగేనని తెలిసినవాళ్లు చెబుతున్నారు, నిజమేనా? ఇమ్యూనిటీ కోసం తిప్పతీగ కషాయం ఇవ్వొచ్చా? దీనికి తోడు నిన్న మా అన్నయ్య కొడుక్కి, నాలుగేళ్లవాడికి, ఆటలమ్మ పోసింది. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: మీరు చివర రాసిన విషయంతోనే మొదలుపెడతాను. అది ఈరోజే చూసుకోవాల్సిన పని.

ఆటలమ్మ వైరస్ పొక్కులు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుతుంది. కాబట్టి అమ్మగారికి ఇప్పటికే సోకి ఉండొచ్చనే అనుకోవాలి. ఇది చదవగానే ఆమె క్యాన్సర్ డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా అని అడుగుతారు. తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఆమె పరిస్థితిని బట్టి ఇమ్యూనోగ్లోబ్యులిన్ (ఇతరుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల) ఇంజెక్షన్ ఇవ్వాలా, అసైక్లోవిర్ లాంటి మాత్రలు ముందుగానే మొదలుపెట్టాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. ఆ ఇంజెక్షన్ నాలుగు రోజుల్లోపు ఇస్తే మేలు, పది రోజుల వరకు ఇవ్వొచ్చు. అందుకే ఆమె ఒంటి మీద పొక్కు వచ్చేదాకా ఆగొద్దు. బాబు పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా ఇద్దరినీ వేర్వేరు గదుల్లో ఉంచండి. వాడి సేవ మీ వదినగారో, ఆటలమ్మ ఇదివరకే వచ్చిన మరొకరో చూసుకోవాలి.

ఆటలమ్మ పోస్తే మందులు వాడకపోవడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. మంచం మీద వేపాకు పరుచుకోండి, అమ్మవారికి నైవేద్యం పెట్టుకోండి, వాటితో ఏ ఇబ్బందీ లేదు. ఆరోగ్యంగా ఉన్న నాలుగేళ్ల పిల్లవాడికి చాలావరకు దానంతట అదే తగ్గుతుంది కూడా. అమ్మగారి సంగతి పూర్తిగా వేరు. ఆమెలాంటివారిలో ఈ వైరస్ ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకగలదు. రాబోయే నాలుగు వారాల్లో ఆమె ఒంటి మీద ఒక్క పొక్కు కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. నరంలోకి ఎక్కించే అసైక్లోవిర్ అవసరమవుతుంది, దాన్ని ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

ఇక తెల్లకణాల సంగతి. రిపోర్టులో మీకు కనిపించే మొత్తం తెల్లకణాల లెక్కలో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్. అవి ముఖ్యంగా బ్యాక్టీరియాతో, ఫంగస్‌తో పోరాడతాయి. వైరస్‌తో పోరాటంలో పెద్ద పాత్ర లింఫోసైట్లది. వాటిలో బి కణాలు వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలనే ప్రోటీన్లను తయారుచేస్తాయి. టి కణాలు అప్పటికే వైరస్ చొరబడిన మన కణాలను వెతికి చంపుతాయి. మామూలు రక్తపరీక్ష లింఫోసైట్లన్నింటినీ ఒకే అంకెగా చూపిస్తుంది. అందులో బి ఎన్ని, టి ఎన్ని, అవి సరిగా పనిచేస్తున్నాయా లేదా అన్నది చెప్పదు.

మీ అమ్మగారి క్యాన్సర్ పుట్టింది బి కణాల్లోనే. ఆ కణాల మీద సీడీ20 అనే గుర్తు ఉంటుంది, రిటుక్సిమాబ్ దాన్నే పట్టుకుంటుంది. క్యాన్సర్ కణానికీ మంచి బి కణానికీ తేడా చూడదు. ఒక్క డోసు పడిన తర్వాత బి కణాలు తిరిగి రావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆమెకు రెండు నెలలకోసారి పడుతోంది కాబట్టి ఈ చికిత్స సాగినంత కాలం బి కణాలు దాదాపు ఉండవు. పాత యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాల మీద సీడీ20 ఉండదు, అందుకని చిన్ననాటి రక్షణ కొంత మిగులుతుంది. కొత్తగా వచ్చే ఫ్లూకి, కొత్త రకం కరోనాకి మాత్రం కొత్త యాంటీబాడీలు తయారుకావు. టి కణాలు పోరాడుతున్నా, మిగిలిన వైరస్‌ను ఊడ్చేసే యాంటీబాడీ లేక అది ముక్కులో, ఊపిరితిత్తుల్లో వారాల తరబడి తిష్ఠ వేస్తుంది. ఐదు వారాలు పాజిటివ్ రావడం వెనక ఉన్నది ఇదే. మీరు జాగ్రత్తగా చూసుకోకపోవడం వల్ల జరిగింది కాదు.

బెండాముస్టిన్ వల్ల ఇంకో నష్టం ఉంది. అది టి కణాల్లో సీడీ4 అనే రకాన్ని చికిత్స ముగిశాక కూడా చాలా నెలలు తగ్గించి ఉంచుతుంది. అయినా టి కణాలు పూర్తిగా పోలేదు, మీకు ధైర్యం చెప్పే మాట అదే. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కరోనాతో ఆసుపత్రుల్లో చేరిన క్యాన్సర్ రోగులను గమనించి, ఆ ఫలితాలను 2021లో నేచర్ మెడిసిన్ పత్రికలో ప్రచురించారు. రక్త క్యాన్సర్ ఉండి యాంటీబాడీలు సరిగా రానివారిలో కూడా సీడీ8 అనే రకం టి కణాలు ఎక్కువగా ఉన్నవారు మెరుగ్గా బతికి బయటపడ్డారని అందులో తేలింది.

టీకాలు దండగ అనే మాట తప్పని నేను చెప్పేది అందుకే. రిటుక్సిమాబ్ పడుతున్నప్పుడు టీకా వల్ల యాంటీబాడీలు బాగా రావు, అది నిజమే. టి కణాలు మాత్రం చాలామందిలో టీకాను గుర్తుపెట్టుకుంటాయి. ఇన్ఫెక్షన్‌ను ఆపలేకపోయినా అది ప్రాణం మీదికి రాకుండా చూడడంలో వాటి పాత్ర ఉంది. ఏటా ఫ్లూ ఇంజెక్షన్ వేయించండి. వీలైతే తర్వాతి డోసుకు కొన్ని వారాల ముందు వేయిస్తే మంచిది, తేదీ డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి. సర్పి రాకుండా ఇచ్చే షింగ్రిక్స్ టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. అందులో బతికి ఉన్న వైరస్ ఉండదు కాబట్టి ఆమెకు ఇవ్వొచ్చు. ఖరీదైనదే, కానీ బెండాముస్టిన్ తీసుకున్నవారికి సర్పి ముప్పు ఎక్కువ, దాని నొప్పి నెలల తరబడి వేధించగలదు. బతికి ఉన్న వైరస్‌తో చేసే టీకాలు, అంటే తట్టుకు ఇచ్చే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా, ముక్కులో కొట్టే ఫ్లూ టీకా ఆమెకు వద్దు. ఇంట్లో మిగతా అందరూ ఫ్లూ టీకా వేయించుకోవాలి. ఆమె శరీరం తయారుచేయలేని రక్షణను చుట్టూ ఉన్నవాళ్లే ఇవ్వాలి. పిల్లవాడి టీకాలు ఏవీ ఆపకండి. పోలియో చుక్కల వైరస్ కొన్ని వారాలు మలంలో వస్తుంది కాబట్టి, ఇంట్లో ఇలాంటి పేషెంట్ ఉన్నారని పిల్లల డాక్టర్‌కు ముందే చెప్పండి.

మీ పక్కింట్లో ఎవరికైనా రక్త క్యాన్సర్ ఉంటే వాళ్ల అనుభవాన్ని అమ్మగారికి వర్తింపజేయకండి. ఇమాటినిబ్ మాత్రలతో ఉన్న సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) పేషెంట్ దాదాపు మనలాగే వైరస్‌లను తట్టుకుంటారు. బి కణాల్లోనే పుట్టే మరో రక్త క్యాన్సర్ సీఎల్ఎల్‌లో చికిత్స మొదలుకాకముందే యాంటీబాడీలు తగ్గి ఉంటాయి. ప్లాస్మా కణాల క్యాన్సర్ అయిన మైలోమాలో ఒకే రకం పనికిరాని యాంటీబాడీ కుప్పలుగా తయారై, పనికొచ్చేవి అడుగంటుతాయి.

ఒక విషయం మీ ప్రాంతంవారికి ప్రత్యేకంగా చెప్పాలి. వానాకాలంలో జ్వరం వస్తే రాయగడలో ముందు మలేరియా, డెంగీ అనుమానిస్తారు, అది సరైనదే. అయితే డెంగీకి చేసే ఐజీఎం లాంటి పరీక్షలు చూసేది శరీరం తయారుచేసిన యాంటీబాడీని. అమ్మగారి శరీరం దాన్ని తయారుచేయదు కాబట్టి జబ్బు ఉన్నా నెగెటివ్ అని రావచ్చు. ఆ కాగితం చూసి ‘డెంగీ కాదు’ అనుకుంటే మోసపోతాం. మొదటి రోజుల్లోనే ఎన్ఎస్1 లేదా పీసీఆర్ చేయమని అడగండి, అవి వైరస్‌నే వెతుకుతాయి. మలేరియా స్లైడ్, ర్యాపిడ్ కిట్లతో ఈ ఇబ్బంది లేదు. అవి పరాన్నజీవినో, దాని ముక్కలనో పట్టుకుంటాయి.

ఇంట్లో థర్మామీటర్ ఉంచండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ‘పొద్దున్నే బండికి వైజాగ్ వెళ్దాం’ అనుకోవద్దు. రిటుక్సిమాబ్ ఆపిన నెలల తర్వాత కూడా కొందరిలో న్యూట్రోఫిల్స్ ఉన్నట్టుండి పడిపోతాయి. అలాంటప్పుడు వచ్చే జ్వరానికి మొదటి గంటలోనే యాంటీబయాటిక్ పడాలి. రైలులో ఆ సమయం దాటిపోతుంది. ముందు రాయగడ జిల్లా ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించి మందు మొదలుపెట్టించండి, ఆ తర్వాత పంపాలో వద్దో వాళ్లూ విశాఖ డాక్టరూ మాట్లాడుకుంటారు. ఇందుకోసం విశాఖ డాక్టర్ దగ్గర ఒక పేజీ లెటర్ ఇంగ్లిష్‌లో రాయించుకుని సిద్ధంగా పెట్టుకోండి. జబ్బు పేరు, ఇచ్చిన మందులు, చివరి డోసు తేదీ, జ్వరం వస్తే ఏం ఇవ్వాలో అందులో ఉండాలి. డ్యూటీలో ఉన్న ఒడియా డాక్టర్‌కు అర్ధరాత్రి మీరు ఇవన్నీ నోటితో వివరించలేరు. ఏ జ్వరమో తేలేదాకా పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఇవ్వకండి.

అమ్మగారి ఫైల్ తీసి హెపటైటిస్ బి పరీక్షలు చూడండి. వైరస్ ఇప్పుడు ఉందో లేదో చూసే హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటే చాలదు, ఎప్పుడైనా సోకిందా అని చూసే యాంటీ హెచ్‌బీసీ కూడా ఉండాలి. ఎప్పుడో వచ్చి కాలేయంలో నిద్రపోతున్న ఆ వైరస్ రిటుక్సిమాబ్ వల్ల తిరిగి లేచి కాలేయాన్ని దెబ్బతీయగలదు. ఈ రెండింటిలో ఏది పాజిటివ్ అయినా ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ మాత్ర వాడాల్సి ఉంటుంది. రిటుక్సిమాబ్ చివరి డోసు తర్వాత కనీసం ఏడాది పాటు దాన్ని ఆపకూడదు. కీమో అయిపోయింది కదా అని కొందరు సొంతంగా మానేస్తారు, అది చాలా ప్రమాదం.

తిప్పతీగ ఇవ్వకండి. కరోనా రోజుల్లో దాన్ని విపరీతంగా వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. అమ్మగారి కాలేయ పరీక్షల్లో తేడా వస్తే అది హెపటైటిసా, మందుల ప్రభావమా, కషాయమా తేల్చడం కూడా కష్టమవుతుంది. ఇమ్యూనిటీ పౌడర్లకూ ఇదే జవాబు. వేడిగా వండిన ఇంటి భోజనం, కాచిన నీళ్లు, దోమతెర చాలు. మజ్జిగౌరమ్మ దర్శనానికి వెళ్లాలని ఉంటే జాతర రోజుల్లో కాకుండా జనం పలచగా ఉన్న రోజు మాస్క్ పెట్టుకుని వెళ్లమనండి.

చివరిగా, తర్వాతి డోసుకు వెళ్లేముందు రక్తంలో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే సీరం ఐజీజీ పరీక్ష చేయించి ఆ రిపోర్టు తీసుకెళ్లండి. అది డెసిలీటరుకు 400 మిల్లీగ్రాముల కన్నా తక్కువగా ఉండి, తరచుగా తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వస్తుంటే, నెలకోసారి ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించడం గురించి ఆలోచిస్తారు. దాంతోపాటు ‘రెండు నెలల డోసులు కొనసాగించాలా, కొంతకాలం ఆపి చూడొచ్చా’ అని డాక్టర్‌ను సూటిగా అడగండి. ఫాలిక్యులర్ లింఫోమాలో ఈ మెయింటెనెన్స్ చికిత్స జబ్బు తిరగబెట్టడాన్ని బాగా ఆలస్యం చేస్తుంది. కానీ పదేళ్ల పాటు గమనించిన ప్రిమా అనే పెద్ద అధ్యయనంలో, తీసుకున్నవారికీ తీసుకోనివారికీ మొత్తం ఆయుష్షులో తేడా కనిపించలేదు. గడ్డలు పూర్తిగా పోయి, ఇన్ఫెక్షన్లు మాత్రం వదలని మనిషి విషయంలో డోసులు ఆపడం గురించి మాట్లాడడం తప్పేమీ కాదు. మీ అంతట మీరు ఆపకండి, ఆమెను చూస్తున్న డాక్టరే నిర్ణయించాలి. ఈ ఏడాది వచ్చిన జలుబులు, దగ్గులు, జ్వరాలన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే ఆయనకు ఆ నిర్ణయం సులువవుతుంది.