కాలనీ రోడ్డుకు గేటు పెట్టే అధికారం అసోసియేషన్‌కు ఉందా?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివార్లలో పాత లేఅవుట్. దొంగతనాలు జరుగుతున్నాయని వెల్ఫేర్ అసోసియేషన్ వాళ్లు నిరుడు 30 అడుగుల రోడ్డుకు అడ్డంగా ఇనుప గేటు పెట్టారు. రాత్రి 10 దాటితే తాళమే. పక్క బస్తీ వాళ్లు బస్టాపుకు ఎప్పటినుంచో ఈ దారినే వెళ్తారు, వాళ్లనూ ఆపేస్తున్నారు. నెలకు 500 రూపాయలు కట్టి స్టిక్కర్ తీసుకుంటేనే నా కారును రానిస్తామంటున్నారు. నేను సభ్యుణ్ణి కాను. వాళ్లకు ఈ అధికారం ఉందా?

జవాబు: ఆ రోడ్డు మున్సిపాలిటీదైతే లేదు. జనరల్ బాడీలో అందరూ చేతులెత్తి తీర్మానం చేసినా రాదు. వెల్ఫేర్ అసోసియేషన్లు సాధారణంగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. వాటి బైలాలకు కట్టుబడాల్సింది వాటి సభ్యులే. రోడ్డు మీద ఎవరు నడవాలో, ఎవరు ఎంత కట్టాలో చెప్పే హక్కు ఆ రిజిస్ట్రేషన్‌తో రాదు.

అందుకే ముందు రోడ్డు ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి. వాచ్‌మన్‌తో వాదన పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు. లేఅవుట్‌కు అనుమతి తీసుకునేటప్పుడు రోడ్లు, పార్కు స్థలాలను గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసిస్తారు. రాసిచ్చాక ఆ రోడ్డు ప్లాట్ల యజమానులది కాదు, అందరిదీ. 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మూడు అడగండి: మంజూరైన లేఅవుట్ ప్లాన్, గిఫ్ట్ డీడ్, గేటుకు అనుమతి ఇచ్చి ఉంటే ఆ ఉత్తర్వు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పాత లేఅవుట్లలో గిఫ్ట్ డీడ్ దొరకకపోవడం మామూలే, కంగారు పడొద్దు. మున్సిపాలిటీ ఆ రోడ్డు వేసిందా, వీధి దీపాలు, డ్రైనేజీ దానివేనా, జనం ఏళ్ల తరబడి అటు నడుస్తున్నారా అన్నవి కూడా సాక్ష్యాలే. గేటెడ్ కమ్యూనిటీగానే అనుమతి పొందిన ప్రాజెక్టుల సంగతి వేరు. మీరు చెప్పిన వివరాలను బట్టి మీది అది కాదు.

పబ్లిక్ రోడ్డును ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్తగా చూసుకుంటుందని, దాన్ని వాడుకునే హక్కు అందరికీ ఉందని సగీర్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు 1954లోనే చెప్పింది. జీహెచ్‌ఎంసీ చట్టం, 1955లోని 402వ సెక్షన్ వీధుల్లో అడ్డుగా కట్టడాలు పెట్టడాన్ని నిషేధిస్తుంది. 405 కింద కమిషనర్ నోటీసు లేకుండానే వాటిని తీసేయించవచ్చు. వెళ్లే హక్కున్న మనిషిని దారిలో ఆపితే భారతీయ న్యాయ సంహిత 126 ప్రకారం అది అక్రమ నిరోధం. నెల వరకు సాధారణ జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

కాగితాలు చేతికొచ్చాక, ఫొటోలు జతచేసి మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 2024లో ఏర్పడిన ప్రభుత్వ ఆస్తుల రక్షణ సంస్థ హైడ్రా కూడా రోడ్ల ఆక్రమణలను చూస్తోంది, అక్కడా ఒక కాపీ ఇవ్వండి. కదలిక లేకపోతే, అధికారులు విధి నిర్వర్తించడం లేదని రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (వాళ్లకు ఆదేశం ఇవ్వాలని కోరే పిటిషన్) వేయవచ్చు. అడ్డు తొలగించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌నూ కోరవచ్చు. మీ పరిస్థితికి రిట్టే మేలని నా అభిప్రాయం. ఎంత కోపం వచ్చినా గేటు తాళం మాత్రం మీరు పగలగొట్టకండి, కేసు మీ మీదికి తిరుగుతుంది.

దొంగల భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయలేం. పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద సీసీ కెమెరాలు పెట్టుకోవచ్చు. ఆ ఖర్చులో మీ వాటా ఇస్తానని అసోసియేషన్‌కు ఉత్తరం రాయండి. అది స్వచ్ఛందంగా ఇచ్చేది, స్టిక్కర్ రుసుము కాదని అందులోనే స్పష్టంగా పేర్కొనండి. ఫిర్యాదు మీద బస్తీ వాళ్ల సంతకాలు కూడా పెట్టించండి. రాత్రి పని ముగించుకుని నడిచి వచ్చేవాళ్లకే ఈ గేటు వల్ల ఎక్కువ కష్టం, ఆ రోడ్డు మీద వాళ్లకూ మీతో సమానంగా హక్కుంది.