డిపో మేనేజరుగా వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీకు ఆర్టీసీ బస్సు డిపో మేనేజరుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పగానే ఎంత సంతోషమేసిందో. "అంతమందితో పని చేయించడం ఎలా మామయ్యా?" అని అడిగావు కదా, ఫోన్‌లో తేలే మాట కాదని రాస్తున్నాను.

ఈపీకే (కిలోమీటరుకు వచ్చే ఆదాయం) ఎంత, కేఎంపీఎల్ (లీటరు డీజిల్‌కు నడిచే కిలోమీటర్లు) ఎంత అని పై ఆఫీసు రోజూ నిన్ను అంకెలే అడుగుతుంది. ఆ అంకెలు తెచ్చేది మాత్రం స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాళ్లు, టికెట్లు కొట్టే టిమ్ మిషన్ పట్టుకుని నిలబడ్డవాళ్లు. వాళ్లకు నీ మీద నమ్మకం కుదరాలంటే ముందు డ్యూటీ చార్ట్ చూడు.

నేను చూసినంతలో డిపో గొడవల్లో చాలావరకు డ్యూటీల దగ్గరే మొదలవుతాయి. ఎవరికి ఎప్పుడూ రాత్రి బయటి ఊళ్లో ఉండాల్సిన నైటవుట్‌లే పడుతున్నాయో, ఎవరు మంచి రూటు వదలడం లేదో డిపోలో అందరికీ తెలుసు. నీకూ తెలియాలి. గత మూడు నెలల చార్టులు తెప్పించుకుని నువ్వే కూర్చుని చూడు. యూనియన్ లీడరైనా, ఎవరి సిఫార్సుతో వచ్చినవాడైనా వంతు వంతే. సెలవుల్లోనూ అంతే. ఇవ్వలేకపోతే అప్పుడే చెప్పు, ఎందుకో కూడా చెప్పు. "చూద్దాంలే" అని తిప్పుకోవద్దు. కూతురి నిశ్చితార్థానికి సెలవు దొరుకుతుందో లేదోనని టెన్షన్ పడుతూ బండి నడిపే డ్రైవర్ వెనక బస్సు నిండా జనం ఉంటారమ్మా.

వీలైనప్పుడల్లా తెల్లవారుజామున ఫస్ట్ సర్వీసులు బయల్దేరే వేళకు గేటు దగ్గర ఉండు. రాత్రి బండి అప్పజెప్పిన డ్రైవర్ లాగ్‌షీట్‌లో "బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోంది" అని రాస్తాడు. పొద్దున బండి అలాగే రోడ్డెక్కిందనుకో, ఇంకెప్పుడూ రాయడు. ఆ రాత ఎవరు చూశారు, ఏం చేశారు అని గ్యారేజీలో అడుగు. పనయ్యాక ఆ డ్రైవర్‌కు కబురు చెప్పించు. డీజిల్ పొదుపు చేసినవాళ్లను గేటు మీటింగులో మెచ్చుకునేటప్పుడు ఆ బండి చూసిన మెకానిక్ పేరు, గ్యారేజీలో పనిచేసే శ్రామిక్ పేరు కూడా చదువు. బండి కండిషన్‌లో లేకపోతే ఎంత మంచి డ్రైవరూ మైలేజీ తేలేడు.

కండక్టర్ల మీద ఇప్పుడు భారం బాగా పెరిగింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆధార్ కార్డు చూసి ఒక్కో ఆడమనిషికీ జీరో టికెట్ కొట్టాలి. కాలు పెట్టే చోటులేని బస్సులో ముందు టికెట్లు కొడుతుంటే తర్వాతి స్టేజీలో వెనక నుంచి ఇంకో పదిమంది ఎక్కేస్తారు. ఫిర్యాదు వస్తే ముందు కండక్టర్ చెప్పేది పూర్తిగా విను. మందలించాల్సి వస్తే నీ గదిలో మందలించు, ప్రయాణికుల ముందు, తోటివాళ్ల ముందు వద్దు. డబ్బు తీసుకుని టికెట్ కొట్టకపోయినా, డ్యూటీకి తాగి వచ్చినా మాత్రం ఎంత సీనియరైనా వదలకు. అక్కడ మెత్తబడితే నిజాయితీగా పనిచేసేవాళ్ల మనసు విరుగుతుంది.

మహిళా కండక్టర్ల సంగతి ప్రత్యేకంగా పట్టించుకో. బస్సు ఆగే చివరి ఊళ్లో బాత్రూం ఉందా, రాత్రి డ్యూటీ దిగాక ఇంటికెలా వెళ్తున్నారు అని నువ్వే అడుగు. మగ ఆఫీసర్లకు వాళ్లు చెప్పుకోలేనివి నీకు చెబుతారు.

మోటివేషన్ క్లాసులు పెట్టమంటే పెట్టించు, తప్పులేదు. కానీ రెస్ట్‌రూంలో ఫ్యాను తిరగకపోతే ఆ క్లాసు ఎవరి చెవికీ ఎక్కదు. ముందు ఫ్యాను బాగు చేయించు.

మేడారం జాతర జరిగే ఏడాది అయితే స్పెషల్ డ్యూటీల లిస్టు వేసే ముందే అక్కడ మనవాళ్లకు భోజనం, మంచినీళ్లు, పడుకునే చోటు ఎలా ఉన్నాయో ఒకసారి వెళ్లి చూసి రా. షుగరు, బీపీ ఉన్న డ్రైవర్లెవరో ముందే కనుక్కుని వాళ్లను లోకల్ సర్వీసులకు వెయ్యి. జాయినయ్యాక చార్టులు చూసి నాకు ఫోన్ చెయ్యి, మాట్లాడుకుందాం.

నీ మామయ్య