కథలు రాస్తున్న మేనకోడలికి

నరసాపురం

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన కథా చేరాయి. రెండు కథలు తిరిగి వచ్చాయనీ, మూడోదాని గురించి పత్రికవాళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నారనీ, అసలు నీలో రచయిత్రి ఉందో లేదో తేల్చి చెప్పమనీ రాశావు. ఆ చివరి ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్ళు ఎవరూ లేరమ్మా. పుస్తకాలు అచ్చయిన తరువాత కూడా ఆ ప్రశ్న మనిషిని వదలదు. దాన్ని పక్కన పెట్టి, ఈ పేజీలో ఈ మనిషి ఇప్పుడేం మాట్లాడుతుంది అని అడుగుకుంటే, దానికి మాత్రం రాత్రి పడుకునేలోపు ఏదో ఒక జవాబు దొరుకుతుంది.

నేను ఎరిగినంతలో, రాయడం మానేసినవాళ్ళలో ప్రతిభ చాలక మానేసినవాళ్ళు తక్కువ. తాము రాస్తున్నది వినే మనిషి చుట్టుపక్కల లేక, తమలో తామే మగ్గి, ఒకరోజు కలం పక్కన పెట్టేసినవాళ్ళే ఎక్కువ. పట్టుదల గురించి అందరూ పళ్ళు బిగించి చేసే పనిలాగా మాట్లాడతారు. అలా బిగించిన పళ్ళతో ఏళ్ళ తరబడి ఎవరూ రాయలేరు. నన్ను ఇన్నేళ్ళు రాయించింది మనుషులు. ఈ ఉత్తరంలో నీకు చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

తిరిగి వచ్చిన కథల సంగతి త్వరగా చెప్పేస్తాను, నువ్వు అనుకుంటున్నంత విషయం అందులో లేదు గనుక. మా రోజుల్లో కథతోపాటు సొంత చిరునామా రాసి స్టాంపులు అంటించిన కవరు జతచేసి పంపేవాళ్ళం. పోస్టుమాను చేతిలో ఆ లావుపాటి కవరు కనిపించగానే, విప్పకుండానే సంగతి తెలిసిపోయేది. ఇప్పుడు ఈమెయిల్లో పంపుతున్నారు కాబట్టి చాలాసార్లు మౌనమే జవాబు అవుతోంది. పత్రికలో కథకు ఉండే చోటు తక్కువ. అటువంటి ఇతివృత్తంతోనే మరొకరి కథ ముందుగా తీసుకుని ఉండవచ్చు, సంక్రాంతి సంచికకో దీపావళి సంచికకో వచ్చినవి ఇంకా మిగిలి ఉండవచ్చు, నీ కథ వాళ్ళ పేజీలకు మించి ఉండవచ్చు, నిజంగానే కథ ఇంకా పక్వానికి రాకపోయి ఉండవచ్చు. నీ చేతిలో ఉన్నది ఆ చివరిదొక్కటే కాబట్టి దాన్ని మాత్రమే పట్టించుకుని, కథను మరొకసారి చదువుకో. ఇది మరెక్కడికీ పంపలేదని హామీ పత్రం ఇచ్చి పంపిన కథను వాళ్ళు చెప్పిన గడువు దాటేదాకా ఇంకొకచోటికి పంపకు. గడువు దాటాక మర్యాదగా నాలుగు వాక్యాలు రాసి, కథను వెనక్కి తీసుకుంటున్నానని తెలియజేసి, మరొక పత్రికకు పంపు. ఈలోగా తరువాతి కథ మొదలై ఉండాలి.

ఇక మనుషుల సంగతి. మా వీధిలో లేసు అల్లే ఆవిడ ఒకావిడ ఉండేది. మధ్యాహ్నం వంటపనులు తెమిలాక ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అరుగుల మీద లేసు అల్లుతూ కూర్చోవడం నువ్వు చిన్నప్పుడు చూసిందే. ఆవిడకు నా చిత్తుప్రతులు చదివి వినిపించేదాన్ని. కథ ఎలా ఉందని అడిగితే "బాగానే ఉందండీ" అని తప్ప మరొక మాట అనేది కాదు. అయితే వింటున్నంతసేపూ ఆవిడ చేతిలోని కొక్కెం సూదిని గమనిస్తే నాకు కావలసినదంతా తెలిసిపోయేది. కథలో మనుషులు మాట్లాడుకుంటున్నప్పుడు సూది నెమ్మదించేది, ఒక్కొక్కసారి దారం వేలికి చుట్టుకుని ఉండగానే పూర్తిగా ఆగిపోయేది. నేను సాయంత్రపు వెలుగునూ కొబ్బరాకుల గలగలనూ వర్ణించడం మొదలుపెట్టగానే మళ్ళీ చకచకా నడిచేది. ఇంకాస్త సాగదీస్తే ఆవిడ పెదవులు కదుపుతూ అల్లికలు లెక్కపెట్టుకోవడం కనిపించేది. సూది పరుగెత్తిన పేరాల పక్కన పెన్సిలుతో గీత పెట్టుకుని, రాత్రి దీపం దగ్గర వాటిని కొట్టేసేదాన్ని. ఏ సంపాదకుడూ నాకు అంత స్పష్టంగా కథ దిద్దడం నేర్పలేదు.

నీకూ అటువంటి మనిషి కావాలి. ఆ మనిషి రచయిత కానక్కరలేదు, కాకపోతేనే మంచిదని కూడా నా అభిప్రాయం. చదివి వినిపించిన తరువాత బాగుందా అని అడగకు, మనల్ని ప్రేమించేవాళ్ళు ఆ ప్రశ్నకు ఒక్క జవాబే చెబుతారు. మర్నాడు ఏదో మాటల్లో, నిన్నటి కథలో ఏం జరిగిందో చెప్పమను. వాళ్ళు తమ మాటల్లో చెబుతున్నప్పుడు వదిలేసిన భాగం ఏదో, తమ సొంతంగా చేర్చిన భాగం ఏదో చూసుకో. వదిలేసినది చాలావరకు తీసివేయదగ్గది. చేర్చినది నువ్వు రాయవలసి ఉండి రాయనిది.

అయితే ఒక్క సంగతి. కథ వినిపించుకోవడానికి మాత్రమే మనుషుల దగ్గరకు వెళ్ళేవాళ్ళను మనుషులు తొందరగానే కనిపెట్టేస్తారు. లేసు ఏజెంటు కూలి తగ్గించాడని ఆ లేసు ఆవిడ కుమిలిపోతూ కూర్చున్న రోజున నా కాగితాలు సంచిలోంచి బయటికి తీసేదాన్ని కాదు, ఆవిడ చెప్పుకున్నదంతా వినేదాన్ని. అది కథకు పనికివస్తుందని విన్నది కాదు. ఆ వినడం లేకపోతే మా ఇద్దరికీ ఆ మధ్యాహ్నాలు ఉండేవే కావు.

రాసేవాళ్ళకు ఒక తోడు మనిషి ఉండడం మన తెలుగులో కొత్త సంగతేమీ కాదు. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో భారతం తెలుగు చేయడానికి పూనుకున్న నన్నయగారు, తన సహాధ్యాయుడూ ఇష్టుడూ అయిన నారాయణభట్టు, యుద్ధంలో అర్జునుడికి శ్రీకృష్ణుడిలాగా తనకు తోడై నిలిచాడని అవతారికలోనే చెప్పుకున్నారు. అంత మహాకవి, అంత పెద్ద పని మొదట్లోనే, ఇది నా ఒక్కడి చేతిమీదుగా జరగలేదని ఒప్పుకోవడం నాకు ఎప్పటికీ ఆదర్శం. ఆయన అరణ్యపర్వం మధ్యలోనే ఆగిపోయారు. 13వ శతాబ్దంలో తిక్కనగారు విరాటపర్వం నుంచి అందుకున్నారు, అరణ్యపర్వంలో మిగిలిపోయినది 14వ శతాబ్దంలో ఎర్రనగారు పూర్తిచేశారు. నన్నయగారు రాసినంతవరకు చదువుతున్నప్పుడు అది అసంపూర్ణమన్న బాధ మనకు కలగదు, ఆ రాసిన ప్రతి పద్యంలోనూ ఆయన పూర్తిగా ఉన్నారు గనుక. మూడో కథ అచ్చవుతుందో లేదో అని ఇప్పుడు రాస్తున్న పేజీని సగం మనసుతో రాయకు.

వినడం గురించి ఇంకొంత చెప్పాలి. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చివేసిన తుపాను తరువాత ఎందరో కథలు రాశారు, ఇంకా రాస్తున్నారు. చాలా కథల్లో గాలి హోరు ఒకటే, కూలిన కొబ్బరిచెట్లు ఒకటే, ఏడుపులు ఒకటే. అప్పట్లో ఒక బడిలో తలదాచుకున్నవాళ్ళకు బట్టలు పంచడానికి వెళ్ళినప్పుడు ఒక ముసలావిడను చూశాను. లోపలికి వచ్చిన ప్రతి కుర్రవాణ్ణీ పట్టుకుని, "మా పెరట్లో చెట్టు ఎటువైపు పడిందిరా?" అని అడుగుతోంది. నాటిన ఆరేడేళ్ళకు గాని కాపుకు రాని చెట్టు కాబట్టి, చేతులారా పెంచుకున్నదాని మీద మమకారం అనుకోవడానికి బాగా వీలుంది, అలా రాసినా ఎవరూ కాదనరు. దగ్గర కూర్చుని, పొట్లంలోని అటుకులు ఆవిడతో కలిసి తింటూ ఉండగా అసలు సంగతి మెల్లగా బయటికి వచ్చింది. చెట్టు తూర్పుకు పడితే పశువుల పాక పోతుంది. పడమటికి పడితే నుయ్యి పూడిపోతుంది. పాక మళ్ళీ వేసుకోవచ్చుననీ, నుయ్యి పోతే ఆ నాలుగిళ్ళకూ మంచినీళ్ళు ఉండవనీ ఆవిడ దిగులు. అటువంటి వాక్యం బల్ల దగ్గర కూర్చుని ఊహిస్తే వచ్చేది కాదు. మనిషి పక్కన ఇంకొంతసేపు, ఏమీ అడగకుండా కూర్చోవడం వల్ల మాత్రమే వస్తుంది.

పొలమూరులో వేదపండితుల ఇంట పుట్టి, తెలుగు కవిత్వం వైపు వెళ్ళడం ఇంట్లోవాళ్ళకు ఇష్టంలేని పరిస్థితుల్లో ఆ దారి పట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథలు చదువు. వాటిలో ఇళ్ళలోని ఆడవాళ్ళ మాట ఎంత ఉన్నదున్నట్టుగా వినిపిస్తుందో చూడు. ఆ చెవి ఆయనకు చుట్టూ ఉన్న మనుషుల నుంచి వచ్చింది. నువ్వు రోజూ అమలాపురం నుంచి కాకినాడ ఆఫీసుకు వెళ్ళే బస్సు యెదుర్లంక వంతెన మీద గౌతమీ గోదావరిని దాటేటప్పుడు చెవుల్లో పెట్టుకున్న పాటలు కాసేపు ఆపి, ముందు సీట్లోవాళ్ళ మాట విను. సంఘటన వదిలెయ్, మాట తీరు ఒక్కటి మనసులో పెట్టుకుని, దిగగానే చిన్న పుస్తకంలో రాసుకో.

రాయలేని నెలలు వస్తాయి. ఆఫీసు పని, ఇంట్లో జబ్బులు, పెళ్ళిళ్ళు, ఏ కారణమూ లేని ఖాళీతనం కూడా. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, లాకులు మరమ్మతు చేస్తారు కదా, కాలువలో నీళ్ళు లేవని రైతు వ్యవసాయం మానేశాడని ఎవరైనా అంటారా? ఆ నెలల్లో చదువు, పాత చిత్తుప్రతులు తిరగెయ్యి, స్నేహితులకు ఉత్తరాలు రాయి. నేరం చేసినట్టు కుంగిపోకు.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టినది తిరిగివచ్చిన కథల సంగతి కాదు. కథ రాస్తున్నన్నాళ్ళూ ఎప్పుడు అయిపోతుందా అని ఉంటుందని రాశావే, అది. ఎనిమిది పేజీల కథను పాఠకుడు పావుగంటలో చదివేస్తాడు. ఆ మనుషులతో నెలల తరబడి కాపురం చేసినది నువ్వు. స్నానం చేస్తూ, కూర తరుగుతూ, బస్సులో నిలబడి, వాళ్ళు ఏమంటారో ఆలోచించినది నువ్వు. సరిపడే మాట ఒకటి దొరక్క మూడు రోజులు తిరిగి, పాలు కాగుతున్నప్పుడు హఠాత్తుగా అది తట్టి, స్టవ్ ఆపి కాగితం కోసం పరుగెత్తడంలో ఉన్న ఆనందం అచ్చయిన కథను చూసుకోవడంలో నాకు ఎన్నడూ కలగలేదు. అచ్చయిన రోజున సంతోషమే, కాదనను, మర్నాటికి ఆ సంచిక పాతబడుతుంది. సాపుప్రతి రాసేటప్పుడు తొందరపడకు, కథతో నీకున్న చివరి రోజులు అవి.

ఇప్పుడు నువ్వు పంపిన కథ, రేవు దాటించే పంటును నడిపే సరంగు కథ. మొదటి పేజీ మొత్తం తీసెయ్, గోదావరి అందం గురించి చెప్పినదేదీ ఆ సరంగు కళ్ళతో చూసినది కాదు. కథ అతని భార్య క్యారియరు పట్టుకుని రేవులోకి రావడంతో మొదలుపెట్టు. ఆవిడ నీకు చివరి పేజీలో ఒక్క వాక్యంగా మిగిలిపోయింది, కథంతా ఆవిడదే అని నాకనిపిస్తోంది. ఇంకొకటి, మన రేవుకు సముద్రం దగ్గర, ఆటుపోట్లు ఇక్కడ తెలుస్తాయి. నీ సరంగు నీటిమట్టం ఊసే ఎత్తకుండా రోజంతా పంటు నడుపుతున్నాడు. వచ్చే ఆదివారం పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి రా, ఎక్కాక సరంగుకు దగ్గరగా నిలబడు. సాపు చేయకుండా చిత్తుప్రతే తీసుకురా, భోజనాలయ్యాక అరుగు మీద చదివి వినిపిద్దువుగాని. మీ నాన్నను మోకాలి నొప్పికి మందు మానవద్దన్నానని చెప్పు. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
అత్తయ్య